ఏ ఇంటి పెద్దోడు?



పోయిన ఆదివారం మీటింగులో ఒక కాకా అడిగిన ప్రశ్నకు నేను అక్కడ సరిగా జవాబు చెప్పలేకపోయాను. "పిల్లల కంప్యూటర్ క్లాసు మళ్ల మొదలుపెట్టినవ్, మంచిదే. ఆ పిల్లగాడు మళ్ల అదే పని చేస్తే మన కాగితాలు ఉంటయా, పోతయా?" అన్నారు. "ఉంటయి కాకా" అన్నాను. "ఎట్ల?" అన్నారు. అంతలో చాయ్ వచ్చింది, మాట పక్కకు పోయింది. ఆ "ఎట్ల"కు జవాబు ఇది. కొంచెం పొడుగ్గా ఉంటుంది. కంప్యూటర్ తెలియని వాళ్లకు కూడా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నిస్తాను. తెలిసిన కుర్రాళ్లు తప్పులుంటే కింద రాయండి.

ముందు జరిగింది చెప్పాలి. చాలామందికి సగమే తెలుసు.

మన సోలాపూర్‌లో పిల్లలు బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఆదివారం పొద్దున సంఘం హాల్లో వాళ్లకు పైథాన్ నేర్పిస్తే రెండు గంటలు తెలుగు కూడా వింటారని ఈ క్లాసు పెట్టాం. ఉన్నది ఒకటే కంప్యూటర్. సభ్యుల పాత రిజిస్టర్లు, పెళ్లిళ్ల పుస్తకం, పాత ఫోటోలు స్కాన్ చేసి దాంట్లోనే పెట్టాం. అందరూ కలిసి సాయంత్రాలు కూర్చుని చేసిన పని అది. పిల్లల ఫోల్డర్లు కూడా ఆ పెద్ద ఫోల్డర్‌లోనే, అదే అకౌంటు కింద నేనే పెట్టాను. వేరే అకౌంటు తెరవడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు నేను తీసుకోలేదు.

ఆరో తరగతి అబ్బాయి ఒకడు తన ఆట ప్రోగ్రామ్‌లో పాత ఫైళ్లు తుడిచేసే పని రాశాడు. ఏ ఫోల్డర్ తుడవాలో పేరు అడుగుతుంది, పెద్ద ఫోల్డర్ దారి చివర ఆ పేరు అతికించుకుని మొత్తం తీసేస్తుంది. వాడు పేరు టైపు చేయకుండా ఎంటర్ నొక్కాడు. పేరు ఖాళీ. అంటే మిగిలింది పెద్ద ఫోల్డర్ దారే. ప్రోగ్రామ్ చెప్పిన పని చెప్పినట్టు చేసింది. రెండు మూడు సెకన్లు పట్టిందేమో.

పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉంది కానీ అది నాలుగు నెలల పాతది. రిజిస్టర్లు మళ్లీ స్కాన్ చేశాం. దొరకనిది ఒకటే. ఆ నాలుగు నెలల్లో ముగ్గురు పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసి పెట్టాను. ఇద్దరివి ఫోన్లో మిగిలాయి. మూడోది మా పెద్దమ్మది. కంప్యూటర్‌లోకి ఎక్కించాను కదా అని ఫోన్లోంచి నేనే తీసేశాను. బీడీ ఆకు కత్తిరించుకుంటూ, కత్తెర చప్పుడు ఆగకుండానే, కరీంనగర్ వైపు నుంచి వాళ్లు ఇక్కడికి ఎట్లా వచ్చిందీ నలభై నిమిషాలు చెప్పింది. ఇప్పుడు ఆమె లేదు.

కమిటీలో క్లాసు ఆపేయాలని కొందరన్నారు. వాళ్ల కోపం న్యాయమే. ఆ అబ్బాయి రావడం మానేశాడు. వాళ్ల అమ్మ నా దగ్గరికి వచ్చి "వాడు అన్నం సరిగ తింటలేడు అన్నా, అందరి కాగితాలు పోగొట్టిన అంటుండు" అని చెప్పినప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పోగొట్టింది వాడు కాదు. తాళం లేని బీరువా ముందు పిల్లలను ఆడుకోమన్నది నేను. పదిహేను రోజులు టైమివ్వండి, పిల్లలు ఏం పగలగొట్టినా బయట ఏమీ పగలని గది ఒకటి కట్టి చూపిస్తాను, కుదరకపోతే క్లాసు ఆపేద్దాం అని కమిటీకి చెప్పాను.

ఆ గదికి ఇటుకలు లైనక్స్‌లోనే ఉన్నాయి. వాటిని నేమ్‌స్పేస్‌లు అంటారు.

పేరు చూసి భయపడొద్దు. మన పూర్వ భాగ్ వాడల్లో ఒక ఇంట్లో నిలబడి "పెద్దోడా!" అని పిలవండి, ఒకడు పలుకుతాడు. పక్కింట్లో పిలవండి, ఇంకొకడు పలుకుతాడు. ఇద్దరూ పెద్దోళ్లే, గొడవ లేదు. ఎందుకంటే ఆ పేరు ఆ గడప లోపలే చెల్లుతుంది. గడప దాటితే వాడికి వేరే పేరు. నేమ్‌స్పేస్ అంటే ఆ గడప. కంప్యూటర్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామ్‌నూ ప్రాసెస్ అంటారు. మామూలుగా అన్ని ప్రాసెస్‌లూ ఒకే ఇంట్లో ఉంటాయి. అవే ఫోల్డర్లు, అదే నెట్‌వర్క్, అదే యంత్రం పేరు అందరికీ కనిపిస్తాయి. నేమ్‌స్పేస్ పెడితే ఒక ప్రాసెస్‌కు వాటిలో వేరే వాటా వస్తుంది. దాని కళ్లకు కనిపించే ప్రపంచమే మారిపోతుంది. కనిపించని దాన్ని అది తుడవలేదు.

ఇవి ఒక్కరోజులో రాలేదు. ఫోల్డర్లను, అంటే మౌంట్లను, వేరుచేసే నేమ్‌స్పేస్ 2002లో మొదట వచ్చింది. ఇంకా తమ్ముళ్లు పుడతారని అప్పుడు అనుకోలేదు కాబట్టి దాని గుర్తుకు ఉత్త "కొత్త నేమ్‌స్పేస్" అనే అర్థం వచ్చేలా క్లోన్-న్యూ-ఎన్‌ఎస్ అని పెట్టారు. ఇప్పటికీ అదే పేరు. 2006లో యంత్రం పేరుకు ఒకటి, ప్రాసెస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారులకు ఒకటి వచ్చాయి. 2008లో ప్రాసెస్ నంబర్లకు, ఆ తర్వాతి ఏడాదికల్లా నెట్‌వర్క్‌కు, 2013లో యూజర్లకు వచ్చాయి. 2016లో సీగ్రూప్‌ది, 2020లో గడియారానిది. మొత్తం ఎనిమిది. ఐటీ కుర్రాళ్లు రోజూ వాడే డాకర్ కూడా ఈ ఇటుకలతో కట్టిందే. మరి డాకరే పెట్టొచ్చు కదా అని మా మేనల్లుడు అడిగాడు. పెట్టొచ్చు. కానీ ఆ అబ్బాయికి నేను గోడ చూపించాలి. పైథాన్‌లో రాస్తే మొత్తం వంద లైన్లు కూడా లేదు. వాడు నేర్చుకుంటున్న భాషలోనే ఉంది, చదివితే వాడికే తెలుస్తుంది.

పైథాన్ 3.12 నుంచి, అంటే 2023 అక్టోబర్ నుంచి, ఓఎస్ మాడ్యూల్‌లోనే అన్‌షేర్ అనే ఫంక్షన్ ఉంది. అంతకు ముందు సీ లైబ్రరీని చుట్టు తిరిగి పిలవాల్సి వచ్చేది. పేరులోనే ఉంది, అన్‌షేర్ అంటే ఉమ్మడి లోంచి వేరుపడటం. ఏ వాటాలు వేరు కావాలో గుర్తులు ఇస్తే చాలు. సంఘం కంప్యూటర్‌లో డెబియన్ 13 వేశాను, దాంట్లో పైథాన్ 3.13 వస్తుంది.

మొదటి ప్రయత్నం ఎట్లా అయిందో కార్యదర్శి గారికి బాగా గుర్తుంటుంది.

ముందు రోజు టెర్మినల్‌లో అన్‌షేర్ అనే కమాండ్‌తో పరీక్షించాను, బాగా పనిచేసింది. అదే పని పైథాన్‌లో రాసి, సుడోతో నడిపి, కార్యదర్శి గారిని పిలిచాను. మౌంట్ వేరు చేశాను. లోపల రికార్డుల ఫోల్డర్ మీద ఖాళీ టెంప్‌ఎఫ్‌ఎస్ ఒకటి మౌంట్ చేశాను. "చూడండి, లోపల ఉన్న ప్రోగ్రామ్‌కు రికార్డులు కనిపించవు" అన్నాను. కనిపించలేదు. "బయట ఉంటాయి చూడండి" అని రెండో కిటికీ తెరిచాను. బయట కూడా ఖాళీ.

ఆయన నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను. ఒక్క మాట అనలేదు. నాకు చెమట పట్టింది.

ఏమీ పోలేదు. మంచం మీద చాదర్ పరిస్తే కింద పరుపు కనిపించదు, అంతే. అన్‌మౌంట్ చేయగానే అన్నీ తిరిగి వచ్చాయి. జరిగింది ఇది. ఇప్పటి లైనక్స్‌లో సిస్టమ్‌డీ మౌంట్లన్నిటినీ షేర్డ్‌గా పెడుతుంది. నేమ్‌స్పేస్ వేరైనా ఇటు పరిచిన చాదర్ అటు కూడా పరుచుకుంటుంది. టెర్మినల్ కమాండ్ ఈ సంగతి తెలిసి ముందే అన్నిటినీ ప్రైవేట్‌గా మారుస్తుంది. పైథాన్ ఫంక్షన్ ఆ పని చేయదు. మీరు అడిగింది మాత్రమే చేస్తుంది. మౌంట్ చేసే ముందు మేక్-ఆర్‌ప్రైవేట్ అని ఒక్క లైను రాయాలి. వేరు కాపురం పెట్టి ఉమ్మడి తలుపు తెరిచే ఉంచినట్టయింది నా పని.

ఇంకో పాఠం కూడా వచ్చింది. పిల్లల ప్రోగ్రామ్‌లు నడిపే దానికి సుడో ఇవ్వడమే తప్పు. యూజర్ నేమ్‌స్పేస్ ఉన్నది అందుకే. దాంతో మామూలు అకౌంటు కూడా గది కట్టుకోవచ్చు. లోపల వాడు రూట్, అంటే ఆ ఇంటికి యజమాని. బయట మాత్రం వాడు "పిల్లలు" అనే మామూలు అకౌంటే. లోపలి సున్నా నంబరు యూజర్ బయట ఎవరో యూఐడీ-మ్యాప్ అనే ఫైల్లో ఒక లైను రాయాలి. గ్రూపులకు కూడా అట్లాంటిదే రాయబోతే కుదరదని మొండికేసింది. ఒక సాయంత్రం మొత్తం పోయాక తెలిసింది, ముందు సెట్‌గ్రూప్స్ అనే ఫైల్లో "డినై" అని రాస్తేనే ఆ తర్వాతి లైను ఒప్పుకుంటుంది. ఇంకో మాట. ఉబుంటు 24.04 వాడే వాళ్లకు ఇది ఉన్నదున్నట్టు నడవదు. అక్కడ యాప్‌ఆర్మర్ మామూలు యూజర్లను యూజర్ నేమ్‌స్పేస్‌లో ఏమీ చేయనివ్వదు, దానికి వేరే అనుమతి రాసుకోవాలి.

ఇక నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి.

ప్రాసెస్ నంబర్ల నేమ్‌స్పేస్ వేరు చేశాను. వెంటనే "నా నంబరెంత?" అని ప్రోగ్రామ్‌ను అడిగించాను. ఒకటి అని రావాలి కదా, కొత్త ఇల్లు కదా. పాత నంబరే వచ్చింది. మళ్లీ నడిపాను, అట్లాగే. తప్పెక్కడుందా అని రాత్రి పదకొండు దాకా వెతికాను. తప్పు లేదు. దాని పద్ధతే అంత. అన్‌షేర్ పిలిచిన ప్రాసెస్ కొత్త ఇంట్లోకి వెళ్లదు. అది పాత ఇంట్లోనే, పాత నంబరుతోనే ఉండిపోతుంది. దానికి పుట్టే మొదటి బిడ్డ కొత్త ఇంట్లో పుడుతుంది, ఒకటో నంబరుతో. ఫోర్క్ చేసి బిడ్డను అడిగిస్తే అప్పుడు వచ్చింది, ఒకటి.

కాసేపు కుర్చీలో అట్లాగే కూర్చుండిపోయాను. మా తాత సోలాపూర్ వచ్చి మగ్గం మీద కూర్చున్నది పెళ్లయిన కొత్తలో. చనిపోయే దాకా ఆయన "మన ఊరు" అంటే ఇది కాదు, అది. వేరుపడి వచ్చింది ఆయనే, కానీ ఈ ఊళ్లోకి పూర్తిగా రానిది కూడా ఆయనే. ఇక్కడ ఒకటో నంబరు మా బాపు. మీ ఇళ్లల్లో కూడా ఇట్లాగే ఉంటుందనుకుంటాను.

ఆ ఒకటో నంబరు బిడ్డకు బయట ఇంకో నంబరు ఉంటుంది. బయట నుంచి చూస్తే నాలుగు వేల చిల్లర ఏదో ఒకటి. ఒకే ప్రాసెస్, రెండు నంబర్లు. మన పిల్లలకు ఇంట్లో ఒక పేరు, బడి రిజిస్టర్‌లో మరాఠీ పద్ధతిలో తండ్రి పేరు కలిపి ఒక పేరు ఉన్నట్టే. బయట ఉన్న పెద్దలకు లోపలి వాళ్లంతా కనిపిస్తారు. లోపలి వాళ్లకు బయటి వాళ్లు కనిపించరు. అయితే ప్రాసెస్‌ల జాబితా చూపించే ప్రాక్ అనే ఫోల్డర్‌ను లోపల కొత్తగా మౌంట్ చేయాలి. అది మర్చిపోతే లోపల కూర్చుని పాత ఇంటి జాబితానే చదువుతుంటారు. నేను మర్చిపోయాను.

ఒకటో నంబరుకు బాధ్యతలు కూడా ఉన్నాయి. లోపల తల్లి లేకుండా మిగిలిన ప్రాసెస్‌లన్నీ దాని ఒళ్లోకి వస్తాయి, వాటి లెక్క అదే తేల్చాలి. అది పోతే ఆ ఇల్లే ఉండదు. లోపల ఉన్నవన్నిటినీ కెర్నెల్ అప్పుడే ముగించేస్తుంది. నాకు ఇది వరమైంది. పిల్లలు ఆగని లూప్ రాస్తారు, వెనకాల ఇంకేవో నడిపిస్తారు. ఒక్కోదాన్ని వెతికి పట్టుకోనక్కర్లేదు. పది సెకన్లు దాటితే బయట నుంచి ఆ ఒకటో నంబరును ఆపేస్తాను, గది మొత్తం శుభ్రం.

చివరకు గది ఇట్లా తయారైంది. ప్రతి ప్రోగ్రామ్‌కూ కొత్త గది. లోపల ఖాళీ టెంప్‌ఎఫ్‌ఎస్ ఒకటి, పైథాన్ ఉన్న యూఎస్ఆర్ ఫోల్డర్ చదవడానికి మాత్రమే, రాసుకోవడానికి ఒక చిన్న ఫోల్డర్. పైథాన్‌లో మౌంట్ చేసే ఫంక్షన్ లేదు, అందుకని మౌంట్, పివట్-రూట్ కమాండ్లనే ప్రోగ్రామ్ లోంచి పిలుస్తాను. పాత రూట్‌ను విప్పేశాక సంఘం రికార్డులకు లోపల దారే ఉండదు. నెట్‌వర్క్ కూడా లేదు, తనతో తాను మాట్లాడుకునే లూప్‌బ్యాక్ ఒకటి ఉంటుంది, అది కూడా ఆపేసి ఉంటుంది. యంత్రం పేరు మార్చుకోవచ్చు. ఇది పిల్లలకు తెగ నచ్చింది, అందరూ కంప్యూటర్‌కు తమ పేరు పెట్టుకున్నారు. గడియారం మార్చబోతే మాత్రం అనుమతి లేదంటుంది. ఇంటికే యజమాని, ఊరికి కాదు.

ఇప్పుడు కాకా ప్రశ్నకు ఇంకో సగం జవాబు, నిజాయితీగా చెప్పాలి.

పిల్లలకు వేరే అకౌంటు ఇచ్చి రికార్డులకు తాళం వేస్తేనే సగం పని అయిపోయేది. అది ఇప్పుడు చేశాను. మరి గది ఎందుకంటే, ఒకరి ఫైళ్లు ఒకరు తుడవకుండా, ఒకరి లూప్ ఇంకొకరి మీద పడకుండా, భయం లేకుండా ఆడుకోవడానికి. రెండోది, గోడ వేరు, రేషన్ వేరు. నేమ్‌స్పేస్ ఏం కనిపించాలో చెబుతుంది కానీ ఎంత తినాలో చెప్పదు. మెమరీకి, ప్రాసెస్‌ల సంఖ్యకు సీగ్రూప్‌తో హద్దు పెట్టాను, లేకపోతే ఒక్క పిల్లాడి ప్రోగ్రామ్ మొత్తం కంప్యూటర్‌ను మింగేస్తుంది. మూడోది, అన్ని గదుల కింద నేల ఒకటే, అదే కెర్నెల్. కావాలని నేల తవ్వేవాడిని ఈ గోడలు ఆపుతాయని నేను హామీ ఇవ్వను. మన పిల్లల పొరపాట్లకు ఇది చాలు. ముక్కూ మొహం తెలియని వాళ్ల ప్రోగ్రామ్‌లకు చాలదు. నాలుగోది అన్నిటికంటే పెద్దది. ఏ గోడా పోయినదాన్ని తిరిగి తేదు. ఇప్పుడు ప్రతి శనివారం రెండు కాపీలు తీస్తున్నాం, ఒకటి హాల్లో, ఒకటి కోశాధికారి గారింట్లో. ఇది ముందే చేసి ఉంటే మా పెద్దమ్మ గొంతు ఉండేది.

పోయిన నెల ఆ అబ్బాయి ఇంటికి వెళ్లాను. "నీ ప్రోగ్రామ్ నా దగ్గరుంది, వచ్చి మళ్ల నడుపు" అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. వాళ్ల అమ్మ తోలుకొచ్చింది. కార్యదర్శి గారు కూడా వచ్చి వెనకాల నిలబడ్డారు. అదే ప్రోగ్రామ్, ఒక్క అక్షరం మార్చలేదు. పేరు అడిగింది. వాడు ఎంటర్ మీద వేలు పెట్టి నా వైపు చూశాడు. నొక్కమన్నాను. నొక్కాడు.

లోపల ఫోల్డర్ మాయమైంది. బయటి కిటికీలో రికార్డులన్నీ అట్లాగే ఉన్నాయి. వాడు ఒక్కొక్క ఫైలు పేరు వేలితో చూపిస్తూ పైకే చదివాడు. గది మూసి మళ్లీ తెరిస్తే లోపలి ఫోల్డర్ కూడా కొత్తగా వచ్చింది. "మళ్ల తీసేయాల్నా కాకా?" అని అడిగాడు. తీసెయ్ అన్నాను. నాలుగుసార్లు తీసేశాడు. ఆ తర్వాత, పేరు ఖాళీగా ఉంటే తుడవకూడదని రెండు లైన్లు వాడే రాసుకున్నాడు. నేను చెప్పలేదు.

కార్యదర్శి గారు ఆ రోజు కూడా ఏమీ అనలేదు. పోతూ పోతూ హాలు తాళంచెవి నా చేతిలో పెట్టారు.

క్లాసు ప్రతి ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా. ఐదో తరగతి దాటిన పిల్లలను పంపండి. ప్రోగ్రామ్ కావాలన్న కుర్రాళ్లు హాలుకు రండి, పక్కన కూర్చోబెట్టి చూపిస్తాను. ఇంకొక్క విన్నపం. మా పెద్దమ్మ మాటలు, ఏ పెళ్లిలోనో పేరంటంలోనో పాడిన పాటైనా సరే, మీ ఫోన్లలో ఎక్కడైనా ఉంటే దయచేసి వెతికి చూడండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ వారమే పక్కన కూర్చుని రికార్డు చేయండి. చేసి, రెండు చోట్ల పెట్టండి.

సెలవు.